జ్ఞానస్నానం పొందిన సన్నికల్లు

నేను ఒక సన్నికల్లుని. మీ వంటింటి మూలన, మిక్సీ వచ్చాక పలకరించే దిక్కులేక పడి ఉందే, ఆ సన్నికల్లుకు వరసకు అక్కనవుతాను. కాకపోతే దానికి కాళ్ళు లేవు, నాకు మూడున్నాయి. ప్రస్తుతం మెక్సికో దేశంలో ఒక మ్యూజియంలో, గాజుపెట్టెలో నా కాపురం. నా కింద ఒక చీటీ అంటించారు. దాని మీద "బలిపీఠం కావచ్చు" అని రాసి ఉంది. చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. నా వీపు మీద ఈ గుంట చూడండి. తరతరాల ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని, పొత్రం రెండు చేతులా పట్టుకుని, తోసి తోసి అరగదీసిన గుంట ఇది. బలీ లేదు, బూడిదా లేదు. ఇక్కడ నూరింది మొక్కజొన్న.

పోనీ లెండి, చీటీలు రాసేవాళ్ళతో మనకెందుకు గానీ, నా సంగతి చెబుతాను వినండి.

నేను పుట్టింది దక్షిణాన నిప్పుకొండల దగ్గర. నన్ను చెక్కిన ముసలాయన చేతులు ఎంత గట్టివో నోరు అంత మెత్తన. ఉలి దెబ్బకొక మాట చొప్పున నాకు మా వంశ చరిత్ర చెప్పాడు. మొదట దేవుళ్ళు మట్టితో మనుషుల్ని చేశారట. వాన పడేసరికి వాళ్ళు కరిగిపోయారట. తర్వాత కొయ్యతో చేశారు. ఆ కొయ్యమనుషులు నడిచారు, మాట్లాడారు, పిల్లల్ని కన్నారు, కానీ వాళ్ళ లోపల గుండె లేదు. తమను చేసిందెవరో తలుచుకోలేదు, తమకు అన్నం పెట్టే వస్తువుల్ని మన్నించలేదు. చివరికి ఒకనాడు ఆకాశం నల్లబడి, కుండలూ పెనాలూ సన్నికళ్ళూ లేచి నిలబడ్డాయట. ఇన్నాళ్ళూ మమ్మల్ని రాచి రంపాన పెట్టారు కదా, ఇక మా వంతు అని కొయ్యమనుషుల మొహాల మీద పడ్డాయట. తప్పించుకుని చెట్లెక్కినవాళ్ళే ఇప్పటి కోతులట.

ఆ తర్వాత ఒక ముసలవ్వ పచ్చ మొక్కజొన్న, తెల్ల మొక్కజొన్న తెచ్చి, మెత్తగా, మళ్ళీ మళ్ళీ నూరి, ఆ ముద్దతో మనుషుల్ని చేసింది. వీళ్ళకు గుండె ఉంది. అంటే ఏమిటన్నమాట? ఆ వైపు ఉండే మాయా అనే జాతి మొత్తం మా వీపు మీంచి దిగిందన్నమాట. గొప్పకు చెప్పుకుంటున్నాననుకునేరు. అవును, గొప్పకే చెప్పుకుంటున్నాను.

ఒక ఉప్పు వర్తకుడు నన్ను వీపున వేసుకుని, నుదుటికి పట్టీ బిగించి, దారి పొడవునా నన్ను తిట్టుకుంటూ ఉత్తరాన యుకటాన్ అడవుల్లోకి మోసుకెళ్ళాడు. అక్కడ రాయి దొరుకుతుంది గానీ సున్నపురాయి, నాలాంటి నల్లరాయి కాదు. కాబట్టి నాకు మంచి గిరాకీ. తేనెమైనం, చిలకల ఈకలు ఇచ్చి తమయ్ అనే ఇల్లాలు నన్ను తీసుకుంది. తమయ్ చేతి నుంచి ఆమె కూతురి చేతికి, ఆ కూతురి నుంచి ముకుయ్ చేతికి వచ్చాను. అక్కడ నగలు ఎవరికి పోయినా పట్టించుకోరు, సన్నికల్లు మాత్రం తల్లి నుంచి కూతురికే. ఆడపిల్ల పుడితే బొడ్డుతాడు పొయ్యి కింద, నా కాళ్ళ పక్కనే పాతిపెడతారు. ఆ పిల్ల ఎక్కడున్నా ఇల్లు మరవకూడదని.

ముకుయ్ సంగతి కొంచెం చెప్పాలి. పొట్టి మనిషి, భుజాలు మాత్రం బలమైనవి. నోరు ఇంకా బలమైనది. పొద్దున్నే నా ముందు మోకాళ్ళ మీద కూర్చుందంటే పొరుగిళ్ళవాళ్ళకు తెల్లారినట్టే. చేతులతో కాదు, మొత్తం ఒంటితో నూరేది. తల్లి పోయాక తమ్ముడు చిమల్‌ని తనే సాకింది. వాడికి నూరిన ముద్ద వేడి నీళ్ళలో కలిపి తాగిస్తూ ముసలాయన చెప్పిన కొయ్యమనుషుల కథే చెప్పేది. కోతుల దగ్గరకు రాగానే వాడు పొట్ట పట్టుకుని నవ్వేవాడు. వర్తకుల నోట పడి ఆ కథ నాకంటే ముందే ఈ అడవులకు వచ్చేసిందని నాకప్పుడే తెలిసింది.

అప్పుడు దొరలు వచ్చారు. స్పెయిన్ నుంచి. వాళ్ళతో పాటు మశూచి వచ్చింది, ముకుయ్ మొగుణ్ణి తీసుకుపోయింది. కూతురు సక్లోల్ ఒక్కతే మిగిలింది. తర్వాత సైనికులు వచ్చారు. అడవిలో అక్కడొక ఇల్లు ఇక్కడొక ఇల్లు ఉంటే లాభం లేదట, పన్ను వసూలు చేయడం కష్టమట, ఆత్మల్ని రక్షించడం ఇంకా కష్టమట. అందర్నీ ఒకచోటకు తోలి, మధ్యలో చర్చి కట్టి, చుట్టూ తిన్నని వీధులు గీశారు. మా పాత ఇళ్ళకు నిప్పంటించారు. సక్లోల్ బొడ్డుతాడు పాతిన పొయ్యి కాలి బూడిదవుతుంటే ముకుయ్ నన్ను వీపున కట్టుకుని, ఒక్క కన్నీటి చుక్క రాల్చకుండా నడిచింది. నా బరువుకు కాదు ఆమె నడుం వంగింది, నాకు తెలుసు.

చిమల్‌ని అంతకు ముందే, చిన్నప్పుడే, పాదిరుల బడికి పట్టుకుపోయారు. కొట్టి చదువు చెప్పారు, కొట్టి పాట నేర్పారు, అగుస్తీన్ అని పేరు పెట్టారు. ఇప్పుడు ఆ కొత్త ఊరి చర్చిలో గంట కొట్టేది అతనే, పాట పాడించేది అతనే, పాదిరి హెరోనిమోకు కుడిచెయ్యి అతనే. ఊళ్ళోవాళ్ళు అతన్ని చూస్తే మాట మింగేసేవాళ్ళు.

పాదిరి హెరోనిమో చెడ్డవాడని నేను అనను. మనుషుల్ని నిజంగానే ప్రేమించేవాడు. వాళ్ళు తనలా అయిపోతే ఇంకా ప్రేమించేవాడు. సైతాను ఈ జనంలో ఎక్కడెక్కడ దాక్కున్నాడో కనిపెట్టాలని ఆయన పట్టుదల. ఒకనాడు చిమల్‌ని కూర్చోబెట్టి, మీ పాత కథలు చెప్పమన్నాడు. పాపం, చిమల్ ఏం చెప్తాడు? చిన్నప్పుడు తను బాగా నవ్వుకున్న కథ చెప్పాడు. సన్నికళ్ళు లేచి మనుషుల మొహాల మీద పడ్డ కథ.

పాదిరికి నవ్వు రాలేదు. ఆయన మొహం పాలిపోయింది. మర్నాడే ఊళ్ళో సన్నికళ్ళన్నిటినీ చర్చి ముందు వరసగా పెట్టించాడు. మంత్రించిన నీళ్ళు చల్లి, లాటిన్‌లో ఏదో గొణిగి, మా అందరికీ జ్ఞానస్నానం చేయించాడు. నామీద చల్లినప్పుడు ఒక చుక్క నా గుంటలోకి జారింది. చల్లగానే ఉంది, అంతకు మించి నాకేమీ అనిపించలేదు. నాకు పేరు పెట్టలేదని మాత్రం కొంచెం చిన్నతనంగా అనిపించింది.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. సైతాను మళ్ళీ మాలో దూరకుండా, ఆడవాళ్ళు చాటుగా వాన దేవుడు చాక్‌కి నైవేద్యం రొట్టెలు చేయకుండా, మమ్మల్నందర్నీ తన గది పక్కనే ఒక కొట్టంలో పెట్టించాడు. నూరేటప్పుడు ఆడవాళ్ళు లోపలికి రావాలి, బయట తాళం పడుతుంది, గంట కొట్టాక తాళం తీస్తారు. ఆ తాళంచెవి చిమల్ దగ్గర ఉండేది. రాళ్ళు బందీలైతే జనం పారిపోరని కూడా పాదిరికి తెలుసు. సన్నికల్లు లేకుండా అడవిలోకి పోయి ఏం తింటారు?

ముకుయ్ ఆరోజు నుంచి తమ్ముడితో మాట్లాడటం మానేసింది. ఊళ్ళో అతని పేరు ఎవరైనా ఎత్తితే, "నాకు తమ్ముడు లేడు, మశూచిలో పోయాడు" అనేది.

అన్నట్టు, పాదిరికి ఇంకో అలవాటు అయింది. మధ్యాహ్నం భోంచేసి పడుకుంటే, గోడవతల మా రొద ఆయనకు జోలపాటలా ఉండేదట. అందరూ నూరుతున్నా సరే, ఒక్కరు నూరుతున్నా సరే, చప్పుడుంటే చాలు హాయిగా గుర్రు పెట్టేవాడు. చప్పుడు పూర్తిగా ఆగితే మాత్రం ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు. ఈ సంగతి కొట్టంలో ఆడవాళ్ళందరికీ తెలిసిపోయింది. నవ్వుకున్నారు. తర్వాత ముకుయ్ నవ్వడం ఆపి ఆలోచించింది.

అప్పటికి సక్లోల్‌కి పెళ్ళయి, నెలలు నిండటానికి ఎన్నో రోజులు లేవు. పొట్ట ముందుకొచ్చి, మెల్లగా నడుస్తోంది. పుట్టే బిడ్డ బొడ్డుతాడు ఏ నేలలో పడుతుందన్నదే ముకుయ్‌కి పగలూ రాత్రీ ఒకటే దిగులు. దక్షిణాన దొరల అడుగు ఇంకా పడని అడవి ఉంది, అక్కడ మనవాళ్ళే ఉన్నారు. అక్కడికి పోవాలి. ఊరు ఊరంతా పోవాలి. కానీ కొట్టం తలుపు తెరుచుకోవాలంటే చిమల్‌ని అడగాలి.

అడిగింది. ఒకరోజు అందరూ వెళ్ళాక, నన్ను కడుగుతున్నట్టు వెనకే ఉండిపోయింది.

"చిమల్," అంది.

అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. "నా పేరు అగుస్తీన్, అక్కా."

"నా ఎదర నీకు ఒకటే పేరు. పండగ ముందురోజు మధ్యాహ్నం, పాదిరి పడుకున్నాక ఈ తాళం తియ్యి. మేం పోతున్నాం."

"ఎక్కడికి?"

"వాళ్ళు రాని చోటికి. సక్లోల్‌ని చూశావుగా. దాని బిడ్డ మన పొయ్యి దగ్గర పుట్టాలి, ఈ గోడల మధ్య కాదు."

"పట్టుబడితే కొరడాలతో పోదక్కా. చంపేస్తారు."

"తెలుసురా. నాకు భయం లేదనుకుంటున్నావా?"

"నేను తియ్యనంటే?"

ముకుయ్ తడి చేతులు లంగాకు తుడుచుకుంది. "తియ్యకపోతే నా తమ్ముడు కొయ్యమనిషని అనుకుంటా. అంతే కదా."

అతను తాళంచెవి గట్టిగా పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి పండగదాకా ముకుయ్ నోరు మామూలుగానే అందరినీ అదిలిస్తోంది.

ఊరి పునీతుడి పండగ ముందురోజు వచ్చింది. రొట్టెలకు బోలెడంత పిండి కావాలి కాబట్టి ఆడవాళ్ళు రోజంతా నూరాలని పాదిరి ఉత్తర్వు. చర్చి అలంకరణకు తాటాకులూ పూలూ తేవాలని మగవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని, పాదిరి దీవెన తీసుకుని మరీ అడవిలోకి వెళ్ళారు. పూలు కోస్తానని సక్లోల్ కూడా వాళ్ళతో వెళ్ళింది. కాపలా సైనికులకు పండగ పేరు చెప్పి పాదిరే సారా పీపా ఇప్పించాడు. వాళ్ళు నీడ చూసుకుని పడుకున్నారు. పాదిరి సీమకోడి కూర కడుపునిండా తిని మంచమెక్కాడు. కాసేపటికి గోడవతల గురక మొదలైంది.

తలుపు తెరుచుకోలేదు.

ఆడవాళ్ళు నూరుతున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఎవరో మెల్లగా, "మీ తమ్ముడు చెప్పేసి ఉంటాడు" అంది. "నోరు మూసుకుని నూరు," అంది ముకుయ్. కానీ నా మీద ఆమె పొత్రం లయ తప్పింది. మా అందరి ప్రాణం ఆ తలుపు మీదే ఉంది. కిటికీ లోంచి పడే ఎండ నేల మీద జరిగింది.

అప్పుడు తాళం కదిలిన చప్పుడు. చిమల్ తలుపు తీసి పక్కకు తప్పుకున్నాడు. ఎవరి కళ్ళలోకీ చూడలేదు.

ఒక్కొక్కరే లేచారు. సన్నికల్లును గుడ్డలో చుట్టి, పట్టీ నుదుటికి బిగించి, పిండిముద్ద చంకన పెట్టుకుని, కడుగునీళ్ళు పారబోసే వెనక దారిన బావి వైపు, అక్కణ్ణుంచి చెట్లలోకి. ఒకరు లేస్తే మిగిలినవాళ్ళు ఇంకాస్త గట్టిగా నూరారు. రొద సన్నగిల్లుతూ వచ్చింది, ఆగలేదు. గురకా ఆగలేదు. నా తోటి రాళ్ళు నన్ను దాటి వెళ్ళిపోతుంటే, నా వంతు ఎప్పుడా అని నేనూ చూశాను. చివరికి కొట్టంలో నేనూ, ముకుయ్ మిగిలాం.

చిమల్ లోపలికి వచ్చాడు. "లే అక్కా. నీ పట్టీ ఏదీ?"

పట్టీ లేదు. ఆమె తెచ్చుకోలేదు. నాకు అప్పుడు అర్థమైంది.

"సక్లోల్ మెల్లగా నడుస్తుందిరా," అంది ముకుయ్, పొత్రం ఆపకుండా. "పొద్దు వాలేదాకా ఈ చప్పుడు ఉండాలి. ఎవరో ఒకరు ఉండాలి కదా."

"అది అక్కడ కనబోతుంటే నువ్విక్కడ కూర్చుంటావా? దానికి మంత్రసాని ఎవరు?"

ముకుయ్ పొత్రం తోస్తూనే ఉంది. ఆమె కంటి నుంచి ఒక చుక్క పిండిలో పడింది. ఇల్లు కాలినప్పుడు రాలని చుక్క అది.

చిమల్ ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "జరుగు."

మాయా వాళ్ళలో మగవాడు సన్నికల్లు ముందు కూర్చోడు. కూర్చుంటే చచ్చేదాకా పేరు పెట్టి నవ్వుతారు. చాకిరీ అంతా ఆడవాళ్ళకు వదిలి పరువు మాత్రం తమ దగ్గర ఉంచుకోవడం మగవాళ్ళకు అన్ని దేశాల్లోనూ బాగానే వచ్చు.

"నీకేమైనా పిచ్చా? మగాడివి. నలుగురూ నవ్వుతారు," అంది ముకుయ్.

"నవ్వడానికి ఊళ్ళో నలుగురెక్కడున్నారక్కా?"

ముకుయ్‌కి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ మింగింది. పొత్రం ఆపలేదు. అతను తన చేతులు ఆమె చేతుల మీద వేశాడు. ఇద్దరూ కలిసి తోశారు, లాగారు. మెల్లగా ఆమె తన వేళ్ళు కిందనుంచి తీసేసింది. ఎక్కడా చప్పుడు తెగలేదు.

"చేతులతో కాదురా, ఒంటితో తొయ్యాలి. అట్లా. కొంచెం నీళ్ళు చిలకరించు. మరీ ఎక్కువ కాదు."

"సరే. నువ్వు పో."

ఆమె లేచి, ఒక్కసారి నా అంచు మీద అరచేయి ఆనించింది. ఆ చేతిని పుట్టినప్పటి నుంచీ ఎరుగుదును. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది. తమ్ముణ్ణి దీవిస్తుందేమో అనుకున్నాను.

"నడుం. నడుం వంచు," అంది. వెళ్ళిపోయింది.

ఎన్నో చేతులు చూశాను గానీ, అంత చెడ్డగా నూరిన చేతులు చూడలేదు. గింజ సగం ఎగిరి నేల మీద పడేది. పొత్రం పక్కకు జారి వేళ్ళు నలిగేవి. అయినా ఆపలేదు. నానిన మొక్కజొన్న అయిపోతే పిండినే మళ్ళీ నూరాడు. సాయంత్రం ప్రార్థన గంట వేళ అయింది. గంట కొట్టాల్సినవాడు నా ముందు ఉన్నాడు కాబట్టి గంట మోగలేదు. పాదిరి రోజూ లేచేది ఆ గంటకే. పైగా జోలపాట ఆగలేదు. ఆయన నిద్రపోతూనే ఉన్నాడు. చిమల్ అరచేతుల్లో బొబ్బలు లేచి చితికాయి. నా గుంటలో పిండి ఎర్రబడింది. నొప్పికి అతను చర్చి పాట ఎత్తుకోబోయి, మానేసి, తన చిన్నప్పుడు అక్క పాడే పాట సన్నగా పాడుకున్నాడు.

పొద్దు పూర్తిగా వాలాక పాదిరి తనంతట తనే లేచి, కళ్ళు నులుముకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఖాళీ కొట్టం చూశాడు. నేల మీద నా తోటి రాళ్ళ కాళ్ళు చేసిన గుంటలు చూశాడు. మోకాళ్ళ మీద కూర్చుని నూరుతున్న తన కుడిచెయ్యి చిమల్‌ని చూశాడు.

"అగుస్తీన్! ఏమిటిది? ఆడవాళ్ళు ఏరీ? జనం ఏరీ?"

చిమల్ తలెత్తలేదు. "ఒక్క నిమిషం అయ్యగారూ. ఈ వాయి అయిపోవస్తోంది."

పాదిరి, ఎందుకో ఏమో, నిజంగానే నిలబడ్డాడు. నిద్రమత్తో, అలవాటో. వాయి అయ్యింది. ఆయన మళ్ళీ నోరు తెరిచాడు.

"ఇంకో వాయి ఉందండీ," అన్నాడు చిమల్. నూరుతూనే ఉన్నాడు.

సైనికుల్ని తన్ని లేపి, గుర్రాలకు జీన్లు కట్టేసరికి మబ్బు పట్టి ఆకాశం నల్లబడింది. ఆ ఏటి మొదటి వాన దబదబా కురిసి అడుగుల జాడలన్నీ కడిగేసింది. చాక్‌కి నైవేద్యం పెట్టనివ్వలేదని పాదిరి మీద కోపమో, లేక వానకాలం కాబట్టి వచ్చిన వానో, నేను చెప్పలేను. వాళ్ళు బురద కొట్టుకుని తిరిగొచ్చారు.

చిమల్‌ని మర్నాడు చౌకులో కట్టేసి కొరడాలతో కొట్టారు. చూసి బుద్ధి తెచ్చుకోవడానికి ఊళ్ళో ఒక్క మనిషీ లేడు. పాదిరి హెరోనిమోను పైవాళ్ళు వెనక్కి పిలిపించుకున్నారు. కొత్త పాదిరి వచ్చాడు. గంట కొట్టడం, పాట పాడటం తెలిసినవాడు ఇంకెవడూ లేక చిమల్‌ని చంపకుండా, కాలికి సంకెల వేసి కొట్టంలోనే ఉంచారు. అతని తిండి అతనే వండుకోవాలి. కాబట్టి రోజూ నా ముందు కూర్చునేవాడు. సైనికులు వచ్చి ఆడదాని పేర్లు పెట్టి పిలిచి నవ్విపోయేవాళ్ళు. అతనికి లెక్కలేదు. నూరడం మెల్లమెల్లగా వచ్చింది, నడుం వంచడం కూడా. కానీ అక్క చేరిందో లేదో, సక్లోల్ కన్నదో లేదో తెలియక మనిషి చిక్కి సగమయ్యాడు. దారిలో పోయే వర్తకుణ్ణి అడగాలన్నా భయమే. అడిగితే ఆచూకీ బయటపడుతుంది.

వానలు తగ్గాక కొత్త కెప్టెన్ పెద్ద దండుతో దక్షిణం అడవిలోకి వెళ్ళాడు. చాలా రోజులకు, చెంపలు పీక్కుపోయి, ఒక్కణ్ణి కూడా పట్టుకోకుండా వచ్చాడు. వాళ్ళలో ఒక సైనికుడు కొట్టం గుమ్మంలో కూర్చుని దవడ పట్టుకుని మూలుగుతున్నాడు.

"ఏమైంది దొరా?" అన్నాడు చిమల్.

"ఏమవుతుంది, నా ఖర్మ. ఇళ్ళున్నాయి, పొయ్యిలు వెచ్చగా ఉన్నాయి, మనుషుల్లేరు. మేం వచ్చే అలికిడి వాళ్ళకెట్లా తెలుస్తుందో! ఆకలికి ఒక ఇంట్లో దూరి పెనం మీద రొట్టె తీసి కొరికాను. థూ! నిండా రాతిపొడి. పన్ను విరిగింది. ఎవత్తో గానీ, దాని మొహానికి కొత్త రాయి!"

చిమల్ చేతిలో పొత్రం ఆగిపోయింది.

ఎందుకో మీకు చెప్పాలి. కొత్తగా చెక్కిన సన్నికల్లు, అందులోనూ అక్కడి మెత్తని సున్నపురాయి, చాలాకాలం దాకా పిండిలో పొడి రాలుస్తుంది. అందుకే మరీ గతిలేకపోతే తప్ప ఎవరూ కొత్త రాయి పెట్టుకోరు. ఆ ఊరి నుంచి వెళ్ళిన ఆడవాళ్ళందరి వీపునా వాళ్ళ పాత రాళ్ళున్నాయి. రాయి లేకుండా వెళ్ళింది ఒక్కతే.

"ఇంకేం ఉంది ఆ ఇంట్లో?" అన్నాడు చిమల్.

"ఏముంటుంది? పొయ్యి పక్కన ఎవరో తవ్వి కప్పెట్టిన గుంట. బంగారమేమో అని తవ్వి చూశాం. ఎండిన బొడ్డుతాడు ముక్క. ఛీ, ఛీ!" అన్నాడు సైనికుడు. "మళ్ళీ అందులోనే పారేశాం."

చిమల్ మొహం నా మీదికి వంచేసుకున్నాడు. వీపు అదురుతోంది. ఏడుస్తున్నాడేమో అని సైనికుడు తొంగి చూశాడు. ఏడవడం కాదు. చిన్నప్పుడు కోతుల కథకు నవ్విన నవ్వు కూడా కాదు. మనిషి గుండె నిండితే వచ్చే నవ్వు అది, నా జన్మలో మళ్ళీ వినలేదు. వీడికి పిచ్చెక్కిందనుకుని సైనికుడు లేచి వెళ్ళిపోయాడు.

ఆ పూట చిమల్ నానబెట్టిన మొక్కజొన్నంతా నా మీద పోశాడు. తినే నోరు అతనిదొక్కటే. అయినా చివరి గింజ దాకా నూరాడు.